గరగరమనని కాయితం

ఆ మేడమీద గదిలో నాకు నచ్చిన మనిషి ఒక్కరూ లేరు. నేనూ అక్కడ ఎవరికీ నచ్చలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. పాతరోజుల గురించి రాసేవాళ్ళు అందరూ దేవుళ్ళే అన్నట్టు రాస్తారు. చదవడం ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని గనక అలాంటివి ఆశగా చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది.

గది గవర్నర్‌పేటలో ఒక మైకుసెట్ల షాపు పైన ఉండేది. కింద లౌడ్‌స్పీకర్ గొట్టాలు, ఆంప్లిఫయర్లు పెళ్ళిళ్ళకీ మీటింగులకీ అద్దెకిచ్చేవారు. పైన గోడలకి కొబ్బరిపీచు పరుపులు మేకులతో కొట్టి, కిటికీలకి గోనెలు వేలాడదీసి, దాన్ని స్టూడియో అనేవారు. ఎరువులు, విత్తనాలు, పంపుసెట్లు అమ్మే కంపెనీల కోసం అక్కడ ప్రకటనలు టేపు చేసేవారు. ఆ టేపు జీపులో పెట్టి, పైన గొట్టం కట్టి, డెల్టా ఊళ్ళన్నీ తిప్పేవారు. ఇదంతా డెబ్బైల్లో మాట.

షాపు యజమాని ఒకప్పుడు నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. అందరూ మాస్టారు అనేవారు. మా ఆయన అప్పట్లో ఇబ్రహీంపట్నం దగ్గర కడుతున్న కరెంటు ఫ్యాక్టరీలో కూలి. అక్కడి పాకల మధ్య మాకో చిన్న చర్చి ఉండేది. క్రిస్మస్‌కి నాటకం వేస్తే మైకు మాస్టారి షాపు నుంచే వచ్చింది. నా వేషం అయ్యాక ఆయన వైరు చుట్టుకుంటూ నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ఓసారి షాపుకి రా. గొంతు చూద్దాం" అన్నాడు.

నాకు చదువు రాదని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

మా పుట్టింటి ఊరు ఉయ్యూరు పక్కన. చుట్టూ చెరుకు, మధ్యలో వరి. మా పేట చర్చిలో పాటల పుస్తకం పెద్దాయన ఒక్కడి చేతిలోనే ఉండేది. ఆయన ఒక చరణం చదివి చెప్పేవాడు, మేమందరం అందుకునేవాళ్ళం. మళ్ళీ ఒకటి చెప్పేవాడు, మళ్ళీ అందుకునేవాళ్ళం. అలా ఒక్కసారి విన్నది నాకు మళ్ళీ పోయేది కాదు. ఎక్కడ ఊపిరి తీశాడో, ఎక్కడ దగ్గాడో దాంతో సహా ఉండిపోయేది. చదువు రాకపోవడం ఒక లోటని ఆ పేటలో నాకెవరూ చెప్పలేదు.

జీపు గొట్టంలో నా గొంతు రావాలని ఎందుకంత పట్టుబట్టానో కూడా చెప్పాలి. నాట్ల రోజుల్లో నడుం ఎత్తితే మా మేస్త్రీ నోటికొచ్చింది తిట్టేవాడు. గట్టు మీద జీపు వచ్చినప్పుడు మాత్రం చేతి కర్ర నేలకి ఆనించి, నోరు మూసుకుని వినేవాడు. గొట్టంలో ఎవరో ఆడమనిషి మాట్లాడుతుంటే వాడు తల ఊపేవాడు. ఆ తల నా మాటకి ఊగాలి. నాకు కావలసింది అదొక్కటే.

మాస్టారు గొంతులు పరీక్షించే పద్ధతి వేరు. పిలిచినవాళ్ళందరినీ ఒకే రోజు రమ్మనేవాడు. ఫ్యాను చప్పుడు టేపులో పడుతుందని ఆపేసేవాడు. ఒక్కొక్కరూ గాజు అద్దం అవతలికి వెళ్ళి, చేతికిచ్చిన కాయితం మైకు ముందు చదవాలి. అందరిదీ అయ్యాక జంపఖానా పరిచి, మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, టేపు వెనక్కి తిప్పి మొదటి నుంచీ వినిపించేవాడు. ప్రతి గొంతూ అయ్యాక మిగతావాళ్ళు తలా ఒక తప్పు చెప్పాలి. చెప్పకపోతే, "నీకు చెవులు లేవు, నోరెందుకు?" అనేవాడు. ఎదుటిమనిషి మొహం మీద తప్పు చెప్పే పాపం తను మూటగట్టుకోకుండా మాతో చెప్పించేవాడని నాకు తర్వాత అర్థమైంది.

నా గొంతు టేపులో మొదటిసారి విన్నప్పుడు అది నాది కాదనుకున్నాను. ఎవరో చాటలో రాళ్ళు చెరుగుతున్నట్టుంది. ఆ రోజు తప్పులు చెప్పడానికి అందరికీ భలే ఉత్సాహం వచ్చింది.

"ప్రతి మాటకీ పరిగెడుతోంది" అంది టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ఆవిడ.

"ముక్కుతో మాట్లాడుతోంది" అంది పంతులమ్మ.

పంతులమ్మ అంటే సత్యనారాయణపురంలో ఉండే టీచరు. మడత నలగని నేత చీర, చేతికి తోలు పట్టీ గడియారం. మూడు తరాలుగా వాళ్ళింట్లో అందరూ బడి ఉద్యోగాలేనట. టెలిఫోన్ ఆవిడని మీరు అనేది, నన్ను నువ్వు అనేది. వయసులో నేను ఆవిడకంటే చిన్నదాన్నేమీ కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడవలేదు. ఆ గొంతులన్నీ ఒక్కొక్కటే తీసి మనసులో మళ్ళీ వేసుకున్నాను. టెలిఫోన్ ఆవిడ ప్రతి వాక్యాన్నీ ఒకే ఎత్తులో చెప్పింది, లైను దొరకలేదని చెప్పినట్టు. పంతులమ్మ డిక్టేషన్ చెప్పినట్టు చదివింది. కానీ ఎరువు పేరు వచ్చేముందు చిన్నగా ఆగింది. ఆగేసరికి ఆ పేరు దానంతటదే బరువెక్కింది. ఆ ఆగడం నాకు కావాలనిపించింది. ఆవిడ నాకు నచ్చలేదు. ఆవిడ ఆగడం నచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని మా ఆయనతో కూడా అలాగే మాట్లాడాను.

"ఇదుగో, నీకు... పప్పు."

"పప్పుకి కూడా ఆగాలా?" అన్నాడాయన. "ఆకలేస్తోందే."

మాస్టారు మళ్ళీ మళ్ళీ పిలిచాడు. నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఏ జీపుకీ నన్ను తీసుకోలేదు. కానీ ప్రతిసారీ ఆ జంపఖానా మీద కూర్చుని ఇతరుల గొంతుల్లోంచి ఏదో ఒకటి ఏరుకుని వచ్చేదాన్ని. వాక్యాలన్నీ ఒకే ఎత్తులో చెప్పకూడదని టెలిఫోన్ ఆవిడ తప్పులోంచి నేర్చుకున్నాను. నవ్వు మొహంతో మాట్లాడితే ఆ నవ్వు టేపులో వినిపిస్తుందని ఒక నాటకాలామె నుంచి పట్టుకున్నాను. నా మీద చెప్పిన తప్పుల కంటే వాళ్ళ మీద వాళ్ళు చెప్పుకున్న తప్పులే నాకు ఎక్కువ పనికొచ్చాయి. నన్ను అన్నప్పుడు కోపంతో చెవులు మూసుకుపోయేవి.

మరి కాయితం సంగతేమిటంటే, మర్యాద నన్ను కాపాడింది. లోపలికి ఎవరు ముందు వెళ్ళాలన్నప్పుడల్లా, "మీరు కానివ్వండి" అనేదాన్ని. "అయ్యో, మీరే వెళ్ళండి" అనేవారు ఎవరో. "ఫర్వాలేదండీ, మీరు ముందు." మన వైపు ఈ మాటకి ఎవరూ అనుమానపడరు. అలా ఎప్పుడూ చివర నేనే మిగిలేదాన్ని. అప్పటికి కాయితంలో ఉన్నదంతా అద్దం పక్కన పెట్టిన స్పీకర్లోంచి వినీ వినీ నోటికి వచ్చేసేది. లోపలికి వెళ్ళి, కాయితం ఎదురుగా పట్టుకుని, కళ్ళు దాని మీద పెట్టి చెప్పేసేదాన్ని. తలకిందులుగా పట్టుకోకుండా ఉండడానికి, మాస్టారు చేతికిచ్చినప్పుడు బొటనవేలు ఎక్కడుందో అక్కడే ఉంచేదాన్ని.

ఒకసారి మాస్టారు టేపు ఆపి అందరి వైపూ చూశాడు.

"విన్నారా? ఈ అమ్మాయి చేతిలో కాయితం ఒక్కసారి కూడా గరగరమనలేదు. మీరంతా పేజీ తిప్పుతుంటే వడ్లు దంచినట్టుంది. చూసి నేర్చుకోండి."

ఆ గదిలో నాకు దొరికిన మొదటి మెప్పు అది. సంతోషపడ్డాను కూడా. తలెత్తి చూస్తే పంతులమ్మ నా మొహం చూడటం లేదు, నా ఒళ్ళో ఉన్న కాయితాన్ని చూస్తోంది. ఆ పూట రెండు పేజీలిచ్చారు. మొదటి పేజీ ఇంకా పైనే ఉంది.



ఆ తర్వాత వచ్చింది ఎరువుల కంపెనీ పని. నాట్లకి ముందు జీపు బయలుదేరాలి. మొగుడితో మాట్లాడుతున్న రైతు పెళ్ళాం గొంతు కావాలి. "ఈసారి మీలోనే ఎవరో ఒకర్ని ఖాయం చేస్తాను, మద్రాసు నుంచి మనిషిని పిలిపించక్కర్లేదు" అన్నాడు మాస్టారు. టెలిఫోన్ ఆవిడ వెళ్ళొచ్చింది. నాటకాలామె వెళ్ళొచ్చింది. పంతులమ్మా నేనూ మిగిలాం.

"మీరు కానివ్వండి" అన్నాను.

"సరే" అంది ఆవిడ. ఎప్పుడూ ఒకటికి రెండుసార్లు అనిపించుకునే మనిషి, ఈసారి ఒక్క మాటకే లేచింది.

ఆవిడ చదువుతుంటే విన్నాను. మొదటి ఇద్దరి గొంతులో లేని వాక్యం ఒకటి ఆవిడ చదువులో వచ్చింది. "చేనుకి పెట్టింది చేను మర్చిపోదు." ముందు చదివిన ఇద్దరూ అది వదిలేశారు కాబోలు అనుకున్నాను. చదువుకున్నవాళ్ళు, అందులోనూ పంతులమ్మ, కాయితంలో ఉన్నదే చదువుతుందని నాకు నమ్మకం. పైగా ఆ మాట నాకు నచ్చింది.

నా వంతు వచ్చింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ గుర్తుకొచ్చింది. పని ముగిశాక బోదె కాలవ నీళ్ళల్లో చేతులు కడుక్కుంటూ, అలసిపోయి, ఎవరితోనూ కాకుండా తనలో తనే మాట్లాడుకుంటుంది. ఆ గొంతుతో చెప్పాను. సగంలో ఊపిరి వదిలి, చివర తెలియకుండానే ఒక అయ్యా చేర్చాను. "చేనుకి పెట్టింది... చేను మర్చిపోదయ్యా." అద్దం అవతల మాస్టారు చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఈసారి నాదేనని నాకు తెలిసిపోయింది.

జంపఖానా మీద టేపు అంతా తిరిగింది. నాది అయ్యాక మాస్టారు, "తప్పులు చెప్పండి" అన్నాడు.

పంతులమ్మ అంది. "మాస్టారూ, చేను మర్చిపోదు అన్న మాట కాయితంలో ఎక్కడుందో చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. కిందికీ పైకీ చూశాడు. "లేదే."

"లేదు. నేనే కల్పించి చదివాను. మరి ఆవిడకి ఎలా వచ్చింది?" అని నా వైపు తిరిగింది. "ఏదమ్మా, రెండో పేరా ఒక్కసారి చదివి వినిపించు."

కాయితం నా ఒళ్ళో ఉంది. తియ్యలేదు. ఫ్యాను ఇంకా వెయ్యలేదేమో, వీపు మీద చెమట కారడం తెలుస్తోంది.

"మీరు చదివారుగా" అన్నాను. "నేను విన్నాను. ఈయన రోజూ చెప్పేది అదేగా, ఒకరిది ఒకరు విని నేర్చుకోమని."

"విని నేర్చుకోవడం వేరు. దొంగతనం వేరు."

"దొంగ కోసం బోను పెట్టి కూర్చునేవాళ్ళని ఏమంటారండీ, మీ బళ్ళో?"

నాటకాలామె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

"చదువు రాదా అమ్మాయ్?"

"రాదు."

"ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ రాదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కంపెనీవాళ్ళు వచ్చి కూర్చుంటారు. అప్పటికప్పుడు ఇది కొట్టెయ్, అది కలుపు అంటారు. నీకు నేను ఎవరి చేత చదివించను? కుదరదు." తర్వాత పంతులమ్మ వైపు తిరిగి, "ఆ మాట మాత్రం బావుంది. ఉంచుదాం. మీరు చెయ్యండి" అన్నాడు.

మెట్లు దిగుతుంటే పైన ఫ్యాను వేసిన చప్పుడు వినిపించింది.

"తీసుకున్నారా?" అన్నాడు మా ఆయన.

"లేదు. చదువు రాదంట."

"నాకూ రాదుగా. కరెంటు ఫ్యాక్టరీ కట్టట్లేదా?"

ఆ పూట ఆయనకి అన్నం పెట్టి మాట్లాడకుండా పడుకున్నాను. ఓదార్చే మాట మీద కూడా కోపం వచ్చే రోజులుంటాయి.

నాట్లకి పుట్టింటికి వెళ్ళాను. మోకాళ్ళ దాకా బురదలో మా అమ్మ పక్కన వంగి ఉన్నాను. గట్టు మీదకి జీపు వచ్చింది. మేస్త్రీ కర్ర ఆనించి నిలబడ్డాడు. పంతులమ్మ గొంతు గొట్టంలోంచి చేలన్నిటి మీదా పరుచుకుంది. తప్పులు పట్టడానికి సిద్ధంగా విన్నాను. మొదట్లో డిక్టేషనే. ఆ తర్వాత ఆ వాక్యం వచ్చింది.

"చేనుకి పెట్టింది... చేను మర్చిపోదయ్యా."

సగంలో వదిలిన ఊపిరి నాది. జారిన చోటు నాది. ఆ అయ్యా నాది. బోదె గట్టు మీద చేతులు కడుక్కుంటున్న అలసట కూడా అచ్చం అలాగే ఉంది. మేస్త్రీ తల ఊపాడు.

మా అమ్మ నడుం ఎత్తకుండానే, "ఎవతే అది, నాలా కూస్తోంది?" అంది.

నేను చేతిలో ఉన్న నారు కట్ట బురదలో కొట్టాను. ఏమైందే అంటే పాము అన్నాను.

టెలిఫోన్ ఆవిడని అడిగి ఇల్లు కనుక్కుని, ఒక ఆదివారం చర్చి అయ్యాక సత్యనారాయణపురం వెళ్ళాను. పంతులమ్మ అరుగు మీద కాపీ పుస్తకాలు దిద్దుకుంటోంది. నన్ను చూసి ఎర్ర పెన్సిలు కింద పెట్టలేదు.

"ఏం కావాలి?"

"జీపు విన్నాను."

"వింటే?"

"ఆ మాట మీరు కట్టింది. కాదనను. ఆ పలుకు ఎవరిదండీ?"

ఆవిడ గొంతులో వచ్చిన కోపం నా మీద కాదు.

"ఆయనే. నీ టేపు పెట్టి, ఇలా రావాలి అన్నాడు. వెనక్కి తిప్పాడు, మళ్ళీ పెట్టాడు. నేను చెప్పడం, ఆయన నీది వినిపించడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. కంపెనీవాళ్ళ ముందు. పలక మీద దిద్దించినట్టు దిద్దించాడు నా చేత, ఇన్నేళ్ళు పిల్లలకి దిద్దించినదాన్ని." పెన్సిలు కాపీ పుస్తకం మీద విసిరింది. "నీ గొంతంటే నాకు అసహ్యం."

"మీదంటే నాకూ అంతే" అన్నాను. "మీరు నన్ను విని నేర్చుకున్నారు. నేను మిమ్మల్ని విని నేర్చుకున్నాను. పట్టించింది మాత్రం మీరు. నాకు చదవడం నేర్పండి."

"నేనెందుకు నేర్పాలి?"

"లేకపోతే ఈసారి కూడా మీ తర్వాతే వెళ్తాను. మీరు ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడే తీస్తాను. మీకంటే బాగా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "వచ్చే ఆదివారం పలక తెచ్చుకో. నా దగ్గర లేదు" అంది. టీచరింట్లో పలక లేదంటే ఎవరు నమ్ముతారు?

చదువంతా అరుగు మీదే సాగింది. లోపలికి ఎప్పుడూ రమ్మనలేదు. మంచినీళ్ళు ఆవిడ ఇవ్వలేదు, నేను అడగలేదు. చర్చి నుంచి మరచెంబులో నేనే తెచ్చుకునేదాన్ని. మొదట్లో వాచకం ఆవిడ పైకి చదివి వినిపించింది. నేను గడగడా అప్పజెప్పాను. రెండో వారానికి ఆవిడకి తెలిసిపోయింది.

"ఇది చదవడం కాదు. ఇదీ ఆ గదిలో చేసిన పనే. కింద నుంచి పైకి చదువు."

చేతకాలేదు. అప్పటి నుంచి ఆవిడ నా ముందు ఒక్క ముక్క కూడా పైకి చదవలేదు. అక్షరం మీద వేలు పెట్టి, నోరు మూసుకుని కూర్చునేది. వినడానికి ఏమీ లేని చదువు ఎంత కష్టమో చెవులతో బతికినవాళ్ళకే తెలుస్తుంది. తప్పు చదివితే స్కేలుతో పలక మీద కొట్టేది. ఒకసారి పలక పగిలింది. కొత్తది ఇంట్లోంచి తెచ్చి ఇచ్చింది, ఉన్నట్టుండి ఒకటి దొరికినట్టు.

పాఠం అయ్యాక నా పని మొదలయ్యేది. ఆవిడ మాస్టారిచ్చిన ప్రకటన ఏదో చెప్పేది, నేను తప్పులు పట్టేదాన్ని.

"మీరు చివర్లో గొంతు దించేస్తారు. గంట కొట్టారు, ఇంటికి పొండి అన్నట్టు."

"ఇంకా?"

"నవ్వుతున్నారు గానీ కళ్ళు నవ్వడం లేదు. అది వినిపిస్తోంది."

"కళ్ళు వినిపిస్తాయా?"

"నాకు వినిపిస్తాయి."

మేం స్నేహితులం కాలేదు. అరుగు దిగి బస్టాపుకి నడుస్తున్నప్పుడు ఆవిడని తిట్టుకుంటూనే నడిచేదాన్ని. తిట్టుకుంటూనే దారిలో షాపుల బోర్డులు కూడబలుక్కునేదాన్ని.

పంపుసెట్ల కంపెనీకి గొంతు కావాలని తెలిసి, పిలవకపోయినా గవర్నర్‌పేట వెళ్ళాను. మాస్టారు నన్ను చూసి నుదురు చిట్లించాడు. అందరూ ఎప్పట్లాగే మీరు ముందు అంటే మీరు ముందు అనుకుంటున్నారు. పంతులమ్మ గోడకి ఆనుకుని కూర్చుని నా వైపే చూస్తోంది.

"నేను వెళ్తాను" అని లేచాను.

అంతకుముందు ఎవరి నోటా వినని కాయితం అది. అద్దం అవతల నిలబడి, వేలు పెట్టకుండా, ఒక్కో మాటా పట్టుకుని చదివాను. మెల్లగా వచ్చింది. ఒకచోట గుణింతం దగ్గర తడబడ్డాను. ఎక్కడ ఆగాలో నాకు చెప్పే గొంతు ఏదీ లేదు. ఒక పేజీ అయిపోయింది. తిప్పాను.

జంపఖానా మీద నా టేపు తిరిగింది. ఆ చోటికి వచ్చేసరికి గదంతా ఒక్కసారి గరగరమంది.

"తప్పులు చెప్పండి" అన్నాడు మాస్టారు.

అందరికంటే ముందు పంతులమ్మ నోరు తెరిచింది.

"కాయితం చప్పుడు చేసింది" అంది. మరింకేమీ అనలేదు.

ఆ పని నాటకాలామెకి వెళ్ళింది. ఆ తర్వాత విత్తనాల జీపుకి నన్ను తీసుకున్నారు. మా ఊరి గట్టు మీదకి కూడా వచ్చిందట. నేను వెళ్ళలేదు. మేస్త్రీ తల ఊపాడో లేదో మా అమ్మని అడిగితే, "నువ్వు అరుస్తుంటే వాడి మొహం ఎవతె చూసింది, నేను నడుం ఎత్తి విన్నాను" అంది.